దరఖాస్తు వెంట నడక



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చి డిగ్రీ సీట్లు, ఇంజినీరింగ్ సీట్లు ఖరారయ్యే రోజులివి. ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో కాలేజీ గడప తొక్కబోతున్నారంటే అమ్మానాన్నల మనసులో సంతోషం ఎంతుంటుందో ఫీజు గురించిన బెంగ కూడా అంతే ఉంటుంది. ఆ బెంగ గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు అర్థశాస్త్రం చెప్పాను. ఆఖరి పదకొండేళ్ళూ పాఠాలతో పాటు స్కాలర్‌షిప్పుల పని కూడా నాకే అప్పగించారు. ఆ పదకొండేళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "మేడం, అప్లయ్ చేసిన. పైసలు పడలే."

రెండు చిన్న వాక్యాలు. మొదటిదీ నిజమే, రెండోదీ నిజమే. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందన్నది మాత్రం పిల్లలకు తెలియదు. పెద్దవాళ్ళకూ తెలియదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, అడిగినంత ఇచ్చి ఫారం నింపించుకుని, ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళితే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి పని అక్కడ మొదలవుతుంది. పెళ్ళికి ముహూర్తం పెట్టించుకుని, పందిరి వేయడం మరిచిపోయినట్టుగా ఉంటుంది చాలామంది దరఖాస్తుల సంగతి.

దాని వివరాల్లోకి వెళ్ళే ముందు ఒక మాట చెప్పాలి. ఈ డబ్బు అడగడానికి సిగ్గుపడే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర అందరి ముందూ కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం బయటికి తీయడం వాళ్ళకు కష్టంగా ఉండేది. చేతిలో కాగితాలను వెనక్కి దాచుకుని, వరుస ఖాళీ అయ్యేదాకా గోడ పక్కన నిలబడేవాళ్ళు. అలాంటి పిల్లలకు నేను రెండు కథలు చెప్పేదాన్ని. ఆ రెండూ నిజంగా జరిగినవే.

మొదటిది టంగుటూరి ప్రకాశం గారిది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలూ ఎక్కడా పుట్టలేదు. చివరికి ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టించారు. ఆ రోజుల్లో పేదింటి పిల్లవాడు చదువుకోవాలంటే దారులు అవే. అమ్మ చీరో నగో తాకట్టుకు పోవాలి, లేదా వారాలు కుదుర్చుకుని రోజుకొక ఇంట్లో తినాలి, లేదా దయగల ప్లీడరో జమీందారో కనికరించాలి. వారాలు చేసుకుని చదువుకున్న మహానుభావులు మనకు ఎంతోమంది ఉన్నారు. అయితే వారాల అన్నం కూడా కొన్ని కులాల పిల్లలకే దొరికేదన్న సంగతి మనం మరిచిపోకూడదు. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లవాడికి ఊళ్ళో ఏ అరుగు మీదా విస్తరి పడలేదు.

రెండో కథ డాక్టర్ అంబేడ్కర్ గారిది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ఆయన చదువు సాగడానికి బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చారు. 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళడానికి మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం ఇచ్చిందీ ఆయనే. బదులుగా చదువయ్యాక బరోడా సంస్థానంలో పదేళ్ళు ఉద్యోగం చేస్తానని అంబేడ్కర్ ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ నెలనెలా వచ్చిన పౌండ్లు లేకపోతే మన రాజ్యాంగ రచనా సంఘానికి ఆ అధ్యక్షుడు ఉండేవాడా అని నేను పిల్లల్ని అడిగేదాన్ని.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, అణగారిన కులాల పిల్లలకు మెట్రిక్ తర్వాతి చదువుల కోసం ప్రభుత్వ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో గిరిజన విద్యార్థులకూ విస్తరించాయి. ఒక మహారాజు దయగా ఒకరికి దొరికినది, వేలమందికి, తర్వాత లక్షలమందికి హక్కుగా మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, వెనుకబడిన తరగతుల పిల్లలు కూడా ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్ళారు. ట్రాక్టరు డ్రైవర్ల పిల్లలు, కల్లుగీత కార్మికుల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు. వాళ్ళలో ఎంతోమంది ఇవాళ హైదరాబాదులో, బెంగుళూరులో, సముద్రాలకు అవతల ఉద్యోగాలు చేస్తున్నారు. కాబట్టి నాయనా, కాగితాలు వెనక్కి దాచుకోకు, ముందుకు తీసుకురా అనేదాన్ని.

ఇప్పుడు దరఖాస్తు సంగతికి వస్తాను.

తెలంగాణలో ఈ పనంతా ఈ-పాస్ అనే వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. మొదటి ఏడాది పెట్టేది ఫ్రెష్, ఆ తర్వాత ఏటా పెట్టేది రెన్యువల్. ఇందులో రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి ట్యూషన్ ఫీజు, దాన్ని ఆఫీసుల్లో ఆర్‌టీఎఫ్ అంటారు. రెండోది విద్యార్థి తిండికీ పుస్తకాలకూ ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు, అంటే ఎంటీఎఫ్. విద్యార్థి ఆన్‌లైన్‌లో నింపిన ఫారం ప్రింటు తీసి, ఆదాయం, కులం పత్రాలు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్ళు, చదివిన స్కూళ్ళు ఇచ్చే బోనఫైడ్‌లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. వేలిముద్ర వేయాలి. కాలేజీవాళ్ళు సరిచూసి తమ లాగిన్ నుంచి జిల్లా సంక్షేమ అధికారికి పంపాలి. అక్కడ మంజూరు కావాలి. మంజూరయ్యాక బిల్లు ఖజానాకు వెళ్ళాలి. ఖజానా నుంచి ఖాతాకు రావాలి. చూశారా, ఎన్ని చేతులు మారుతుందో! ఈ చేతుల్లో ఏ ఒక్కచోట ఆగినా డబ్బు పడదు. ఎక్కడ ఆగిందో ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. అప్లికేషన్ నంబరు, పదో తరగతి హాల్‌టికెట్ నంబరు కొట్టి మీరే చూసుకోవాలి. నెలకు ఒకసారైనా చూసుకోమని నా మాట.

అన్నిటికన్నా ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. ఇది నన్ను ఎంత బాధపెట్టిందో చెప్పలేను. మా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఇంటిపేరుకు మొదటి అక్షరం మాత్రమే ఉంది, అదీ పేరు చివర. పేరులో లక్ష్మి అన్న ముక్కను మెమోలో ఎక్స్ అక్షరంతో, ఆధార్‌లో కేఎస్‌హెచ్‌తో రాశారు. బ్యాంకు ఖాతాలో ఇంకో రకం. తెలుగులో రాస్తే ఒకటే పేరు. ఏ అమ్మమ్మో ముద్దుగా పిలిచినా అదే పేరు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి ఒక పిల్ల ముగ్గురయింది. కంప్యూటరుకు ఆ ముగ్గురూ వేరువేరు మనుషులే. ఆ అక్షరాలు సరిచేయించడానికి ఆ పిల్ల తండ్రి కూలి పోగొట్టుకుని మూడుసార్లు మండల కేంద్రానికి తిరిగాడు.

నేను నేర్చుకున్నది చెబుతాను. పదో తరగతి మెమోను పునాది అనుకోండి. ఎందుకంటే మెమోలో మార్పు చేయించాలంటే పాత హైస్కూలు హెడ్మాస్టరు ద్వారా పరీక్షల బోర్డుదాకా వెళ్ళాలి. ఆధార్‌లో పేరు మార్చడం దానికన్నా తేలిక. కాబట్టి మెమోలో ఎలా ఉందో అలా, అదే వరుసలో, అవే అక్షరాలతో ఆధార్ సరిచేయించండి. ఆధార్ సరిగ్గా అయ్యాక దాన్ని చూపించి బ్యాంకు ఖాతా సరిచేయించండి. పుట్టిన తేదీ కూడా అంతే. ఇదంతా ఫారం నింపే రోజు గుర్తొస్తే గడువులోగా కాదు. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే చేయించాలి.

పేరు తర్వాత డబ్బు ఆగేది బ్యాంకులో. "ఖాతాకు ఆధార్ లింకు చేసినం మేడం" అంటారు. చేసే ఉంటారు. కానీ ఆధార్ కాగితం బ్యాంకులో ఇవ్వడం వేరు, ప్రభుత్వం పంపే డబ్బు ఈ ఖాతాకే రావాలని ఆధార్‌తో మ్యాపింగ్ చేయించడం వేరు. బ్యాంకువాళ్ళు దీన్ని సీడింగ్ అంటారు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని కూడా అంటారు. ఒక మనిషికి మూడు బ్యాంకుల్లో ఖాతాలుండవచ్చు, కానీ ఆధార్ మీద వచ్చే డబ్బు అన్నిటికన్నా చివర ఎక్కడ సీడింగ్ అయిందో అక్కడికే పోతుంది. మా దగ్గర ఒక అబ్బాయి స్కాలర్‌షిప్పు పడలేదని ఏడాదిపాటు తిరిగాడు. చివరికి చూస్తే ఎప్పుడో సిమ్ కార్డు కొన్నప్పుడు ఫోను కొట్టులో వేలిముద్ర వేయించుకుని తెరిచిన ఖాతాలో ఆ డబ్బు ఉంది. తనకు అలాంటి ఖాతా ఉందన్న సంగతే అతనికి తెలియదు. మీ ఆధార్ ఏ బ్యాంకుకు సీడింగ్ అయి ఉందో ఆధార్ సంస్థ వెబ్‌సైటులో మై ఆధార్ పేజీలో చూసుకోవచ్చు. దానికి ఫోన్ నంబరు ఆధార్‌కు లింకై ఉండాలి, ఓటీపీ వస్తుంది.

బ్యాంకు దగ్గర ఇంకో రెండు సంగతులున్నాయి. రెండేళ్ళపాటు ఖాతాలో వేయడం తీయడం ఏదీ లేకపోతే అది నిద్రావస్థలోకి పోతుంది. హైస్కూల్లో తెరిచిన ఖాతాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఓ వంద రూపాయలు వేసి తీసి, కేవైసీ కాగితాలిచ్చి దాన్ని లేపుకోవాలి. రెండోది, పూర్తి కాగితాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో ఏడాదికి మొత్తం లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. పెద్ద మొత్తం వస్తే ఆ పరిమితి అడ్డుపడుతుంది. దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించుకోవాలి.

ఈ బ్యాంకు ఖాతా మాట ఎస్సీ విద్యార్థులకు మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం వాళ్ళ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు అయిదేళ్ళకు కలిపి 59,048 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో అరవై శాతం కేంద్రం, మిగిలింది రాష్ట్రాలు భరించాలి. కేంద్రం తన వాటాను 2021-22 నుంచి నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేసేట్టు పద్ధతి మార్చింది. ఇందులో మంచీ ఉంది, చిక్కూ ఉంది. డబ్బు దారిలో ఇతరుల చేతుల్లో పడకపోవడం మంచి. కానీ ఖాతాలో ఒక్కసారిగా డబ్బు కనిపించగానే ఇంట్లో ఉన్న అప్పుకో, పొలంలో ఎరువుకో ఖర్చయిపోతే, కాలేజీ ఫీజు బాకీ అలాగే నిలుస్తుంది. ఆ కుటుంబాలను నేను తప్పుపట్టను, వాళ్ళ అవసరాలు అలాంటివి. కానీ పడింది ఫీజు డబ్బా, తిండి ఖర్చుల డబ్బా అన్నది కాలేజీలో అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో వింటున్న శ్రోతలకు జ్ఞానభూమి పోర్టల్ ఉంది, కాగితాల పని గ్రామ, వార్డు సచివాలయాల్లో జరుగుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా అక్కడ పథకం పేరు మారింది, డబ్బు వెళ్ళే ఖాతా కూడా మారింది. విద్యాదీవెన పేరుతో నడిచిన రోజుల్లో తల్లి ఖాతాలో పడేది, తర్వాత మళ్ళీ కాలేజీలకే ఇస్తామన్నారు. ఆ విద్యాదీవెన నిబంధనల్లో ఆదాయంతో పాటు మాగాణి పది ఎకరాలు, మెట్ట ఇరవై అయిదు ఎకరాల లోపు ఉండాలని, నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదని కూడా పెట్టారు. ట్యాక్సీలకు, ట్రాక్టర్లకు మినహాయింపు. ఇలాంటి నిబంధనలు ఇప్పుడు ఎలా ఉన్నాయో దరఖాస్తుకు ముందే సచివాలయంలో అడగండి. నిరుటి మాట మీద ఆధారపడవద్దు.

ఆదాయ పరిమితి గురించి నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను. తెలంగాణలో బీసీ విద్యార్థి కుటుంబానికి పల్లెల్లో అయితే ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో అయితే రెండు లక్షలు దాటకూడదని నిబంధన. భార్యాభర్తలిద్దరూ రోజుకు నాలుగు వందల చొప్పున, ఏడాదికి రెండు వందల రోజులు కూలికి వెళ్ళారనుకుందాం. లక్షా అరవై వేలు అవుతుంది. అంటే పల్లెలో ఇద్దరు కూలీలు ఏడాదిలో సగం రోజులకు కాస్త ఎక్కువ పని చేస్తే లెక్కప్రకారం వాళ్ళు సాయం అందుకోగలిగిన పేదలు కారు! తహసీల్దారు ఆఫీసులో ఆదాయం తక్కువ చేసి రాయించుకోక తప్పని పరిస్థితికి నిజాయితీగల మనుషుల్ని నెడుతున్నాం. కూలి పెరిగినప్పుడల్లా పరిమితి కూడా పెరగాలి. అర్థశాస్త్రం చెప్పిన మనిషిగా ఇది నా గట్టి నమ్మకం.

ఇంజినీరింగ్‌లో చేరేవాళ్ళు సీటు ఎంచుకునే ముందే ఒక లెక్క వేసుకోవాలి. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు వస్తుంది. ఆ ర్యాంకు దాటితే మామూలుగా ఏడాదికి 35,000 రూపాయలదాకానే వస్తుంది. కాలేజీ ఫీజు లక్ష అయితే ఏడాదికి 65,000 చేతి నుంచి కట్టాలి. నాలుగేళ్ళకు రెండు లక్షల అరవై వేలు. "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా" అని చేర్పించి, రెండో ఏట ఎకరం పొలం అమ్మిన తండ్రులు నాకు తెలుసు. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజునే ఆ కాలేజీ ఫీజు ఎంతో చూడండి. మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే బి కేటగిరీలో చేరితే ఈ సాయం వర్తించదు. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే వస్తుంది. దూరవిద్యకు రాదు. హాజరు 75 శాతం ఉండాలి. ఈ హాజరు నిబంధన విషయంలో ఆడపిల్లల గురించి నాకు దిగులు. పత్తి ఏరే నెలల్లో వాళ్ళ చోటు తరగతి గదిలో ఖాళీగా కనిపించేది. పత్తి నాలుగు రోజులు ఆగుతుంది, పరీక్షకు కూర్చునే హక్కు ఆగదు అని ఇళ్ళకు వెళ్ళి చెప్పి వచ్చిన రోజులున్నాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రానివాళ్ళకు దారి లేదనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది. అందులో కాలేజీ, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం సెంట్రల్ సెక్టర్ స్కాలర్‌షిప్ ఒకటి. దేశమంతటా ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకు. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో మొదటి ఇరవై శాతం మందిలో ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇరవై శాతం అంటే మార్కుల శాతం కాదు. బోర్డులో పాసైన ప్రతి వందమందిలో పై ఇరవైమందిలో ఒకరని అర్థం. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. అన్ని కులాలవాళ్ళూ పెట్టుకోవచ్చు. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇస్తారు. బీటెక్ వంటి చదువుల్లో నాలుగో ఏట 20,000. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే రెన్యువల్. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు దీన్ని తీసుకోకూడదు. రెండూ పెట్టి రెండూ పోగొట్టుకోకండి. ఏది ఎక్కువ మేలో లెక్కవేసి ఒకటే ఎంచుకోండి.

ఈ పోర్టల్‌లో ముందు ఒకసారి నమోదు చేసుకుంటే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. దాన్ని ఓటీఆర్ అంటారు. నోటు పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి, ఫోను పోయినా అది ఉంటుంది. దరఖాస్తులో ఏదైనా తప్పుంటే "డిఫెక్టివ్" అని వెనక్కి వస్తుంది. తిరస్కరించారని భయపడాల్సిన పని లేదు, సరిచేసి మళ్ళీ పంపమని దాని అర్థం. కానీ దానికీ గడువుంటుంది. మా కాలేజీలో మంచి మార్కులున్న ఒక అబ్బాయి దరఖాస్తు ఇలా వెనక్కి వచ్చి, చూసుకోకపోవడంతో గడువు దాటిపోయింది. అది పూర్తిగా అతని తప్పని నేననను. ఆ ఏడాది నేను కూడా వెనక్కి వచ్చినవాటి జాబితాను సరిగ్గా చూడలేదు. ఇప్పటికీ అది నా మనసులో ముల్లులా ఉంది.

సాంకేతిక విద్య చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలదాకా. దివ్యాంగ విద్యార్థులకు సక్షమ్ అని అంతే మొత్తం ఉంది. ఇవి మన పల్లెల్లో పాలిటెక్నిక్ చదివే పిల్లలకు తెలియనే తెలియవు.

బ్యాంకు రుణం గురించి క్లుప్తంగా. విద్యా రుణం నాలుగు లక్షలదాకా ఆస్తి తాకట్టు, మూడో మనిషి జామీను అడగకూడదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో, వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, జామీను లేకుండా రుణమిస్తారు. ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే పది లక్షలదాకా రుణానికి మూడు శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్నవాళ్ళకు సాంకేతిక, వృత్తి విద్యల్లో చదువు కాలానికి పూర్తి వడ్డీ రాయితీ ఉంది. రుణం రుణమే, తీర్చాల్సిందే. స్కాలర్‌షిప్ దారులన్నీ చూశాకే అటు వెళ్ళండి.

ఇప్పటిదాకా విద్యార్థి ఏం చేయాలో చెప్పాను. కానీ ఇంత జాగ్రత్తగా అన్నీ చేసినా డబ్బు రాని పిల్లలున్నారు. వాళ్ళ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం న్యాయంగా ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు బకాయిలు ఏళ్ళతరబడి పేరుకుపోతున్నాయి. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి ఆందోళన చేసిన సందర్భాలున్నాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న ఆ బాకీ భారం చివరికి పడేది పంతొమ్మిదేళ్ళ పిల్లల మీద. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తిచేసింది. ఉద్యోగం వచ్చింది. చేరడానికి అసలు సర్టిఫికెట్లు కావాలి. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు మీరే కట్టండి, అది వచ్చాక తిరిగి ఇస్తాం అని ఆ కాలేజీ చెప్పింది. తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. ప్రకాశం గారి అమ్మ పట్టుచీర నుంచి ఇక్కడిదాకా మనం ఎంత దూరం వచ్చాం చెప్పండి?

చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే అన్ని సంస్థలకూ చెప్పింది. కాలేజీలకు జీతాలివ్వాల్సిన కష్టం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పిల్ల భవిష్యత్తును తాకట్టు వస్తువుగా పెట్టుకోవడం తప్పు. అలాగే, మంజూరు చేసిన ఫీజును ఆ విద్యా సంవత్సరంలోనే చెల్లించకపోవడం ప్రభుత్వాల తప్పు. ఆ రెండు తప్పులనూ విద్యార్థి దరఖాస్తులోని అక్షర దోషంతో సమానంగా చూడలేను.

కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల పని చూసే నా తోటి అధ్యాపకులకు, గుమస్తాలకు ఒక విన్నపం. మీ లాగిన్‌లో పెండింగ్ చూపించే ప్రతి దరఖాస్తు వెనకా ఒక ఇల్లుంది. వెనక్కి వచ్చినవాటి జాబితాను ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద పెట్టండి, వీలైతే తరగతికి వెళ్ళి చదివి వినిపించండి. పేర్లు కాకుండా రోల్ నంబర్లు చదవండి, పిల్లలు చిన్నబోకుండా.

తల్లిదండ్రులకు చివరగా. ఈ రాత్రి అన్నాలు తిన్నాక మీ పిల్లల పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు మూడూ తీసి పక్కపక్కన పెట్టండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, మీ పిల్లలను కూర్చోబెట్టి పేరు ఒక్కొక్క అక్షరం మూడింట్లోనూ చదవమనండి. ఎక్కడ తేడా కనిపించినా రేపు పొద్దున్నే ఆధార్ కేంద్రానికి బయల్దేరండి.